ఐదో నంబరు గది

పగలంతా నా పళ్ళ మధ్య దారం.
ఫర్వానియా సెలూన్‌లో ఒకరి తర్వాత ఒకరు,
కళ్ళు మూసుకుని మొహం చేతికిచ్చే ఆడవాళ్ళు.
దారం పట్టిన నోరు మాట్లాడకూడదు.
సాయంత్రం
అదే నోటి మాటకు కిరాయి.

అతని పేరు శేషఫణి.
ఇంటర్నెట్లో ఖర్జూరాలు అమ్మే కంపెనీ,
షర్క్‌లో పన్నెండో అంతస్తు, గోడలన్నీ అద్దాలు.
ఒక్క ఖర్జూరమూ అమ్ముడుపోలేదు,
జీతం మాత్రం పెరగతానే ఉండాది.
"షేర్లు కూడా ఇచ్చారు మేడమ్" అంటాడు,
పొట్లం విప్పకుండానే తీపి చెప్పే పిల్లోడి మాదిరి.

మలయాళీల నెట్ కేఫ్.
నాకు నాలుగో గది, అతనికి ఐదు.
నడుమ వేలెడు మందం లేని ప్లైవుడ్డు.
మొహం చూడకూడదని మొదటిరోజే ఒప్పందం.
అంతా తెర మీదనే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.
గంటకు ఐదు దీనార్లు
కవర్లో, చెక్క కింది సందులోంచి వస్తాయి.

ఏం అడిగి ఉంటాడు?
మీరనుకున్నదే, మొదటి వారం.
అది నా దగ్గర దొరకదని కొట్టినా.
తెర మీద నిలువు గీత
ఆరతా వెలగతా చానాసేపు ఉండింది.
తర్వాత వచ్చింది:
తిన్నావా అని అడగండి చాలు.

అడిగినా.
తిన్నావా. ఏం తిన్నావు. పప్పులో ఉప్పు సరిపాయనా.
ఒక్కో అక్షరం వేలితో వెతుక్కుంటా.
చెక్క అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.
నాకు భయమేసింది.
ఇంత చిన్న మాటకు ఇంత డబ్బా,
ఇక్కడ ఎవరో ఒకరు మోసపోతాండారు,
అతనో నేనో తేలలేదు.

ఆ డబ్బుతో రాయచోటి దగ్గర బోరు వేయించినా.
మూడొందల అడుగులు, దుమ్ము.
ఇంకో యాభై అడుగులు పోదాం అన్నారు,
ఇంకొన్ని తిన్నావాలు.

ఒక శుక్రవారం కవరు వదల్లేదు అతను.
ఒక కొస అతని చేతిలో, ఒక కొస నా చేతిలో.
లాగడం నా వృత్తి.
ఆరోజు లాగలేదు.

ఎండలు ముదిరేసరికి ఎక్కడో ఏదో కూలిందంట.
పన్నెండో అంతస్తు అద్దాలకు
లోపలినుంచి పాత పేపర్లు అంటించినారు.
అయినా వచ్చినాడు.
ఈ వారం లేదు మేడమ్, అని ఒక్క లైను.

లేచిపోయి రెండు గదులకూ నేనే కట్టినా.
ఐదు దీనార్ల నోటు మడిచి
సందులోంచి అటు తోసినా.
ఈ గంట నాది, నువ్వడుగు, అని కొట్టినా.

గీత ఆరింది, వెలిగింది. ఆరింది.

ఏం అడగాలి మేడమ్?

ఏడు నెలలు.
నోట్లో పగటి దారప్పోగు ఇంకా ఉండింది,
నాలుకతో తీసి పారేసినా.
గంటలో ఇంకా నలభై నిమిషాలుండాయి.