ఎరువు నడక

ఆరడుగుల ఒక అంగుళం.
భుజం నుంచి భుజానికి అతనికెంతో నాకంతే.
స్టూడియోకి నాలో కావలసినవి ఆ రెండు కొలతలే.
ముఖం అక్కర్లేదు.

రోలండ్ థేన్ అద్దం ముందు కూర్చుని
టోపీ ఏ కనుబొమ మీదికి వంచాలో తేల్చుకునేలోగా
నేను సెట్టులో సుద్దగీత మీద నిలబడి
దీపాల కింద కాగుతుండేవాణ్ణి.
కెమెరామన్ లుండ్‌క్విస్ట్ టేపు పట్టుకొచ్చి
కెమెరా కంటి నుంచి నా ముక్కు దాకా కొలిచేవాడు,
కొనేది లేని గుడ్డని కొలిచినట్టు.
"చాలు ఆర్చీ, దిగు."
నేను దిగేవాణ్ణి, అతను ఎక్కేవాడు.
గీత మీద నా చెమట ఆరకముందే
అతని బూటు.

అలా పందొమ్మిదేళ్లు. నలభై ఒక్క సినిమాలు.

అసలు పేరు ఎమిల్ క్రహులిక్.
నెబ్రాస్కాలో తండ్రికి పిండిమర.
మాట్లాడితే మాటతోపాటు గోధుమపొట్టు రాలేదట.
బోస్టన్ నుంచి పంతులమ్మను రప్పించి
పళ్ల మధ్య బెండు పెట్టి
ఏడు నెలలు నాలుకని సానపట్టించారు.
ఆ తర్వాత అతను ఏ ఊరిదీ కాని గొంతుతో మాట్లాడాడు.
దేశంలో సగంమంది ఆడవాళ్లు
ఆ లేని ఊరికి టిక్కెట్టు కొన్నారు.

ఓడ కెప్టెను,
రెండుసార్లు ఉరి తప్పించుకున్న జూదరి,
పియానో వాయించే సర్జను
(చేతులు మాత్రం ఇంకెవరివో).
ముద్దు సీనుకి ముందు నేనూ, హీరోయిన్ బదులు మార్గరీ
నాలుగంగుళాల దూరంలో ముఖాలు నిలిపి
లైటు కుదిరేదాకా
నిన్నటి సూపులో ఉప్పెక్కువైన సంగతి చెప్పుకునేవాళ్లం.
తర్వాత ఆమెనే పెళ్లాడాను.

యుద్ధం వచ్చింది.
అతని చెవిలో ఏదో లోపమని స్టూడియో డాక్టరు రాసిచ్చాడు.
నా చెవులు బాగానే ఉన్నాయి.
ఇటలీలో ఒక బురదవాగు దాటుతుంటే
ఎడమ మోకాలి కింద ఇనుపముక్క.
అక్కడ ఎవరూ "చాలు ఆర్చీ, దిగు" అనలేదు.

తిరిగొచ్చాక ఎత్తు అదే, నడక వేరు.
నిలబడేవాడికి నడకతో పనేమిటని
పట్టుబట్టి నా పని నాకు ఇప్పించింది థేనే.
అది మరవను.
మరుసటేడు అతనికి సిపాయి వేషం వచ్చింది.
అందరూ వెళ్లిపోయాక, ఖాళీ సెట్టులో,
"ఆర్చీ, ఒకసారి ఆ గోడదాకా నడువు."
నడిచాను. మళ్లీ అన్నాడు.
పదకొండుసార్లు.
వెనక అతని బూట్ల చప్పుడు మొదట వేరుగా,
ఆపైన ఏది ఎవరిదో తెలియకుండా.
ఎరువు సొమ్ము బరువంటారు.
అతనికది దూదిపింజ.

నొప్పిని ఇంత నిజంగా ఎవరూ నడవలేదని పత్రికలు రాశాయి.
క్రిస్మస్‌కి నాకు పొగబెట్టిన పంది తొడ వచ్చింది,
చీటీ మీద రెండు మాటలు: "కాలికి కృతజ్ఞతలు."

ఆ ఏటి నుంచే మొదలైంది.
పెట్రోలు బంకు కుర్రాడు, చర్చి మెట్ల మీద ముసలామె,
అందరూ నవ్వుతూ,
"రోలండ్ థేన్‌ని భలే దింపావయ్యా!"

తెరకి రంగొచ్చింది, వెడల్పొచ్చింది,
అతని మెడ మీది గీతలకి కూడా చోటు దొరికింది.
చివరికి సబ్బు కంపెనీ టీవీ నాటకంలో జడ్జి. కూర్చునే వేషం.
బదులు మనిషికి డబ్బుల్లేవన్నారు.
తన గుర్తు మీద తనే కూర్చుని, లైటు కుదిరేదాకా కాగి,
"ఇంతసేపూ ఆర్చీ ఏం ఆలోచించేవాడో" అన్నాడట.
ఏమీ లేదు, ఎమిల్.
ఎక్కువగా ఉప్పు సంగతే.

నిన్న గ్లెండేల్‌లో ఆ సిపాయి సినిమా మళ్లీ వేశారు.
మార్గరీ లేదు, ఒక్కణ్ణే వెళ్లాను.
ఆఖర్న అతను వంతెన మీద దూరమైపోతాడు, కెమెరా కదలదు.
నన్ను నేను వెనక నుంచి ఎన్నడు చూశాను?
ఎడమ భుజం అలా జారుతుందని నాకు తెలియదు.
లైట్లు వెలిగాయి.
వరసల మధ్య, గుమ్మం దాకా,
జాగ్రత్తగా
అతను చూపించినట్టు నడిచాను.