కుడి మూల భద్రం

కోటిపల్లి రేవులో పంటు కోసం ఆగేవాళ్ళకి
సోడా కొట్టు పక్కన, పురికొసకి వేలాడేవి
రూపాయి పావలా బొమ్మల నవలలు.
అట్ట మీద తుపాకీ, తుపాకీ వెనక టోపీ,
టోపీ కింద డిటెక్టివ్ శరభ.
కుడి మూల, చీమ తలకాయంత అక్షరాల్లో: భద్రం.

అది హెచ్చరికనుకున్నాను చాన్నాళ్ళు.
హంతకుడు తలుపు వెనకే ఉన్నాడు, భద్రం.
ఆ గ్లాసులో పాలు తాగకు, భద్రం.
మూడో తరగతిలో గాని తెలియలేదు
అది గెద్దాడ వీరభద్రం గారి సంతకమని,
ముక్తేశ్వరంలో మా నాన్న బ్లాకుల కొట్టుకి
సైకిలు మీద వచ్చే, జేబంతా సిరా మరకల మనిషని.

అంతకు ముందు పడవలకి పేర్లు రాసేవారు.
తర్వాత గోడల మీద యూరియా బస్తాలు.
ఒకసారి బస్తా మోసే రైతుకి
ఎంత కోపం మొహం పెట్టారంటే
కంపెనీ వాళ్ళు డబ్బివ్వలేదు.
ప్రెస్సు ఓనరు మాత్రం సైకిలాపి చూశాడు:
"వీడి చేతిలో బస్తా తీసేసి కత్తి పెడతావా?"
అట్టకి పదిహేను రూపాయలు.
ఆయ్, అన్నారట.

శరభ తిరిగే నగరానికి పేరు లేదు.
నూట పది అంతస్తులని కథలో ఉంటుంది.
దగ్గరగా చూస్తే అది అమలాపురం దారిలో వాటర్ ట్యాంకు,
కిటికీలు కలిపారంతే.
దొంగసరుకు దిగే విదేశీ ఓడరేవులో
మన పంటే, మన తాళ్ళే,
తాడు చుట్టే సరంగు నడుం నెప్పితో సహా.
పొగమంచుకి ఖర్చు లేదు,
పుష్యమాసం కాలవ మీద ఊరికే దొరికేది.
విలన్ మీసం రేవు పాటదారుడిది.
అతను గుర్తుపట్టాడు, కోప్పడలేదు,
నెలనెలా రెండు కాపీలు కొనేవాడు.
మే నెల ఉక్కలో, బనీను పిండుకుంటూ
శరభకి ఉన్నికోటు తొడిగేవారు భద్రం గారు.

మా ట్రెడిల్‌కి రెండు రంగులే వచ్చు:
ముందు నలుపు, ఆరాక ఎరుపు.
ఆరేలోపు కాగితం తేమకి సాగేది.
ఎరుపెప్పుడూ నూలుపోగంత పక్కకి జరిగేది.
క్లబ్బు డాన్సరు పెదవులు చెంప మీద.
నెత్తురు, గాయం కన్నా ముందే.
అచ్చయిన ఫారం పట్టుకుని దెబ్బలాటకొచ్చేవారు:
"ఎవరి పెదవులు వాళ్ళకుంచండయ్యా!"
నాన్న తలెత్తేవాడు కాదు.
"గాలినడుగు. గోదారి గాలిని."

ఎనభై ఆరు ఆగస్టులో గోదారే వచ్చింది.
కేసుల్లో సీసం అక్షరాలు బురద మింగాయి.
ట్రంకు పెట్టెలో పన్నెండేళ్ళ బొమ్మలు
ముద్దయి, ఒక్క మందపాటి అట్టగా ఎండాయి.
నలభై రెండో సంచిక చివరి పేజీలో
శరభ లాకుల తలుపుకి వేలాడుతున్నాడు,
కింద సుడి, వేళ్ళ మీద ఎవరిదో బూటు.
సశేషం.
నలభై మూడు రాలేదు.

మిగతాది ఆయన తొందరగా చెప్పేస్తారు.
సినిమా హాలు స్లైడ్లు, ఎలక్షన్ గోడలు,
రొయ్యల చెరువు గట్ల మీద, కరెంటు తీగ పక్కన, పుర్రెలు
(ఆ పుర్రెలకీ నీడ ఒకే వైపు పడేది).
ఆ తర్వాత ఫ్లెక్సీ.

మొన్న నేనున్నప్పుడే, కాకినాడ నించి ఒక కుర్రాడు
టాబ్లెట్ పట్టుకొచ్చాడు.
ఏదో కాఫీ షాపుకి పాతకాలం పోస్టరట.
శుభ్రంగా గీసిన బొమ్మ మీద వేలు రాసి
ఎరుపుని నూలుపోగంత పక్కకి జరిపాడు.
కావాలని.
"ఇదండీ మీ స్టైలు!"
భద్రం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.
"అది నాది కాదు బాబూ.
ఈ అమ్మాయి వాళ్ళ నాన్నది. కొంత గోదారిది."
నవ్వబోతే దగ్గొచ్చింది.

కుర్రాడు వెళ్ళాక అడిగాను,
చిన్నప్పటి నుంచీ దాచుకున్నది:
శరభ ఏమయ్యాడండీ?

మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి,
కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నారు.
"ఇన్నేళ్ళు. చేతులు పీకేసుంటాయి, పాపం."
చాలాసేపటికి, గుమ్మం వైపు చూస్తూ
"ఆ బూటు ఎవడిదో నేనింకా అనుకోలేదమ్మా."