మిగిలిన గాలి

నేను అమ్మేది గాలి.
గాలి కబుర్లు కాదు, నిజంగానే గాలి.
రెండు వందల బార్ల దాకా కుక్కి,
వాల్వు బిగించి, మూతికి రబ్బరు టోపీ పెట్టి
తోపుడుబండి మీద రేవు దాకా.

ఫువమ్ములాలో, చేమదుంపల మడి వెనక
రేకుల షెడ్డు నాది.
పొద్దున ఐదింటికి కంప్రెసర్‌ని లేపుతాను.
గొట్టం మూతి ఎటు తిప్పాలో
ముందు గాలినే అడగాలి.
అటు జనరేటర్ పొగ,
ఇటు అజ్లీఫా వంటింటి పొగ.
ఒకసారి మరిచిపోయాను.
ముప్పై మీటర్ల లోతున ఒక జర్మన్ డాక్టరు
వేగుతున్న ఉల్లిపాయల్ని పీల్చి
ఆకలేసి పైకొచ్చాడు.

ఈ దీవికి వాళ్ళొచ్చేది పులిసొరల కోసం.
రేవు బయట, మా మగవాళ్ళు ట్యూనా తలలు పారేసే చోట
ఎప్పట్నుంచో తిరుగుతుంటాయి.
మాకవి కసాయి కొట్టు దగ్గరి కుక్కలు.
వాళ్ళకి, ఏడాది జీతం దాచుకుని
చూసి పోవాల్సిన మొహాలు.

నేనెప్పుడూ దిగలేదు.
దానికి రెండు కారణాలు. ఒకటి చెవి,
రెండోది చెప్పను.
కానీ తిరిగొచ్చిన సిలిండర్లు చదవడం వచ్చు.
గేజీ తగిలిస్తే చాలు,
కింద ఎవరెలా ఉన్నారో తెలిసిపోతుంది.
ముప్పై మిగిలితే భయపడ్డాడు.
పది మిగిలితే కెమెరా ఉంది.
మొన్నటి కొత్త జంటలో
ఆమెది ఎనభై, అతనిది ఇరవై.
ఒకే బోండంలో రెండు గొట్టాలు వేసుకుని తాగారు గానీ
నీళ్ళ కింద ఎవరి గాలి వాళ్ళదే.

ఏప్రిల్లో హెద్వికా అని ఒకామె వచ్చింది.
అరవై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళకి పట్టీలు,
సంచిలో కాగితం చుట్టిన బ్రెడ్డు.
గైడు షిమాల్ నా వైపు చూసి కళ్ళెగరేశాడు,
ఈమెని మోసుకురావాలి అన్నట్టు.

ఆ రోజు నాలుగు కనబడ్డాయట.
అన్నిట్లోకీ పెద్దది, కడుపుతో ఉన్నది,
ఇసుకని రాసుకుంటూ వచ్చి
ఆమె మొహానికి మూరెడు దూరంలో ఆగి...
ఆగలేదు. అవి ఆగవు,
ఆగితే వాటికి ఊపిరాడదంటారు.
పక్కకి ఒరిగి, ఒంటికన్నుతో
తల నుంచి కాళ్ళ రబ్బరు రెక్కల దాకా
ఆమెని చదువుకుంటూ పోయిందట.

తక్కినవాళ్ళవి నలభై, ముప్పై అయిదు, యాభై.
షిమాల్‌ది తొంభై.
ఆమెది నూట ముప్పై.

తప్పేమోనని గేజీ మార్చాను.
నూట ముప్పై.

ఊపిరి బిగబట్టావా, ప్రమాదం కదా, అన్నాను
నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో.
లేదంది.
తువ్వాలుతో చెవులు తుడుచుకుంటూ చెప్పింది:
మా ఆయన నాలుగేళ్ళు మంచంలో ఉన్నాడు.
రాత్రిళ్ళు పక్కగదిలోంచి
ఆయన ఊపిరి వినబడాలంటే
నాది చిన్నది చేసుకోవాలి.
అలా అలవాటైపోయింది.

అంతే. తర్వాత బ్రెడ్డు విప్పి
నాకు సగం పెట్టింది.
గట్టిగా ఉంది, సోంపు వాసన.

సాయంత్రం సిలిండర్లన్నీ నిలబెట్టి
పాతదాని మీదే కొత్తది నింపుతాను.
మా పద్ధతి అదే.
ఆమెదాని దగ్గర చెయ్యి ఆగింది.
ఎవరి కోసమో తీసుకోకుండా వదిలేసింది,
ఆ ఎవరో ఇప్పుడు లేడు,
నూట ముప్పై ఉంది.
పారబోద్దామనుకున్నాను.
గాలిని ఎక్కడ పారబోస్తాం.
డెబ్బై కలిపాను.
మర్నాడది ఎవరి వీపుకెక్కిందో చూడలేదు,
చూశానంటే అబద్ధం.

ఆ రాత్రి మా ఇంటి చేపతలలు బకెట్లో వేసుకుని
రేవు చివరికెళ్ళాను.
దీపం కింద నీళ్ళు ఒకచోట చిక్కబడ్డాయి,
మెల్లగా తిరిగాయి.
బకెట్ దించి చెవొగ్గాను, మంచి చెవి.
ముందు వినబడింది నా ఊపిరే.
చాలా పెద్దగా.

కొంచెం తగ్గించి చూశాను.