ఘోషా ఆసుపత్రి కిటికీ

ఆనందగజపతి ఆడిటోరియంలో
ముందు వరస కుర్చీలకి కాగితాలు అంటించారు: 'ప్రెస్' అని.
ఈ పూట ఆ వరసని తిట్టడానికే ఆవిడొచ్చింది.
మేమంతా వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాం.
కాఫీలు కూడా మాకే ముందిచ్చారు.

తెర మీద మంజీర.
కంటోన్మెంటులో వాళ్ళమ్మమ్మకి మాత్రం పైడమ్మే.
మైకు ఎత్తు తనే సరిచేసుకుని
నల్ల కళ్ళజోడు తీసి చదవడం మొదలెట్టింది.
పత్రికలకి ఓ కట్టడి కావాలట.
జరిమానాలు వేసే మండలి కావాలట.
తప్పు ఏ పేజీలో అచ్చయితే
క్షమాపణ కూడా ఆ పేజీలోనే,
అంతంత అక్షరాల్లోనే రావాలట.
సంతకాల కోసం ఇప్పటికి పదకొండు ఊళ్ళు తిరిగిందట.

నా పెన్ను రాస్తూనే ఉంది. అలవాటు.
చెయ్యి వినేది వేరు, నేను వినేది వేరు.

అప్పుడు కాగితం మడిచేసింది.
"ఈ ఊళ్ళోనే," అంది,
"ఘోషా ఆసుపత్రిలో."

అంతే అంది.
మిగతాది హాలంతటికీ తెలుసు,
పందొమ్మిదేళ్ళ కింద టీ కొట్ల దగ్గర
ఒకరి భుజం మీంచి ఒకరు చదివిందే.
ఫొటో ఎవరు తీశారో మాత్రం తెలీదు.

పరదా ఆడవాళ్ళ కోసం కట్టిన ఆసుపత్రి అది.
మగాడి కన్ను పడకూడదనే ఆ పేరు.
వెనకవైపు నీళ్ళ ట్యాంకుకి ఇనప మెట్లుండేవి,
పన్నెండెక్కితే కిటికీ సరిగ్గా ఎదురొచ్చేది.
ఆవిడ గోడకేసి తిరిగి పడుకునుంది.
పక్కన ఉయ్యాల.
ఉయ్యాల్లో మడత విప్పని గుడ్డలు.
ఒక్కటే తీశాను. రీలులో అదే ఆఖరిది.
లేకపోతే ఇంకోటి తీసేవాణ్ణే.

మొదటి పేజీ. నాలుగు కాలాలు.
సెంటీమీటర్ల లెక్కన కూలి తీసుకునేవాడికి
ఆ నెల పద్దెనిమిదొందలు వచ్చాయి.
మా ఇంట్లో కుక్కరు అప్పుడు కొన్నదే.
ఇప్పటికీ ఈల బాగానే వేస్తుంది.

సంతకాల పుస్తకం వరసల్లో తిరుగుతుంటే
వెనకనుంచి సనపల అప్పలసూరి లేచాడు.
నాగావళి ఇసక లారీల మీద రాసి
మోచెయ్యి విరగ్గొట్టించుకున్నవాడు.
చెయ్యి పూర్తిగా లేవదు, సగమే ఎత్తాడు.
"అమ్మా, నీకు జరిగింది పాపం. కాదన్ననేను.
నువ్వడిగిన తాలం మంచిదే.
మరి సెవి ఎవుడి మొల్తాడుకి కడతావు?
ఇసకోడి బామ్మర్దే రేపా మండలిలో కూకుంటే
ముందు నా మూతికే గదా ఏస్తాడు?"

ఎవరో నవ్వారు. ఎవరో కూర్చోమన్నారు.
ఆవిడ కూర్చోమనలేదు.
చాలాసేపు ఆ మోచేతినే చూసింది.
"నాకు తెల్దు బాబూ" అంది.
ఇన్ని సినిమాల్లో దాచుకున్న యాస
ఒక్క మాటకి బయటపడిపోయింది.
"నా తలుపుకి గెడ కావాల. అదొక్కటే తెలుసు నాకు."

పుస్తకం నా ఒళ్ళోకొచ్చింది.
పైన ఎవరో పళ్ళ డాక్టరు సంతకం. కింద గీత ఖాళీ.
పెడితే అది క్షమాపణ అవుతుందా?
పెట్టకపోతే ధైర్యమవుతుందా?
అప్పలసూరి పెట్టలేదు. వాడికి ఆ హక్కుంది.
నేను పక్కాయనకి అందించేశాను,
చేతిలో పెన్నుంచుకుని
పెన్ను లేనట్టు.

మూడు లాంతర్ల దగ్గర నిలబడి వార్త పంపాను.
ఆవిడన్నది రాశాను, వాడన్నది రాశాను,
'నాకు తెల్దు' ఉన్నదున్నట్టే ఉంచాను.
ఆసుపత్రి పేరు దగ్గర వేలు ఆగింది.
తీసేశాను.
దాచింది ఆవిడనో నన్నో.

పది నిమిషాలకి డెస్కు నుంచి ఫోను:
"అంతా బాగుంది గురూ,
చీర రంగు రాయలేదేం?"

నెమలికంఠం రంగు, అన్నాను.
అడగ్గానే.