మూడో పని

మా చిన్న ట్రాక్టరు చేతికి రెండే పనులొచ్చు:
ఎత్తడం, వంచడం.
తొట్టి నిండా మట్టి పోస్తే మోస్తుంది, పారబోస్తుంది.
దుంగనిస్తే మాత్రం
అంచు మీద కాసేపు ఊగించి
సగం దారిలో జారవిడుస్తుంది.
కాళ్ళు వెనక్కి లాక్కోవడం మన వంతు.

అందుకని తెప్పించాను ఈ పెట్టె.
మెల్‌బోర్న్‌లో ఓడెక్కి గీవ్‌స్టన్ దాకా వచ్చింది:
ఒక వాల్వు, నాలుగు గొట్టాలు, ఒక ఇనప పంజా,
మీటకి కొత్త గుబ్బ, దాని నెత్తిన రెండు బటన్లు,
సంచీడు నట్లు,
ఏ భాషలోనూ తిన్నగా లేని కాగితం ఒకటి.

నొరీన్ టాట్నెల్ పక్క తోటలోంచి వచ్చింది.
డెబ్భై ఆరేళ్ళు. ఆపిల్ షెడ్డులో యంత్రాలన్నీ
ఒకప్పుడు ఆమె మాటే వినేవట.
బోర్లించిన పండ్ల డబ్బా మీద కూర్చుని
నా చేతిలో కాగితం లాక్కుని
మడిచి తన కిందే పెట్టుకుంది.

"ఇంజను ఆపు. తొట్టిని నేలకి దించు.
ఇప్పుడు మీటని నాలుగు వైపులా ఆడించు.
ఆగిపోయినంత మాత్రాన చల్లారిందనుకోకు,
గొట్టాల్లో కోపం ఇంకా ఉంటుంది."

నాకు తెలీదా?
వారానికి నాలుగు రోజులు
హోబార్ట్‌లో డయాలిసిస్ గదిలో నా కొలువు.
గొట్టాలు, బిగింపులు, ఒత్తిడి, దొంగలా దూరే గాలిబుడగ.
చెబితే తలూపింది:
"అంటే ఫిల్టర్లు మార్చే పిల్లవన్నమాట."

ట్రాక్టరుది జపాను మర. గొట్టాలది ఇంకో దేశం మర.
రెండు చుట్లు ఎక్కి మొరాయించాయి.
నేను పానా మీద బరువంతా వేయబోతే
"బలవంతాన ఎక్కించినది మొదటి రోజే ఏడుస్తుంది" అంది.
హ్యూన్‌విల్ వెళ్ళి నాలుగు ఉక్కు మెడలు తెచ్చేసరికి
మధ్యాహ్నం దాటింది, టీ చల్లారింది.

గొట్టానికి ఎంత వదులుంచాలి?
చెయ్యి పూర్తిగా ఎత్తినా బిగుసుకోకూడదు,
పూర్తిగా దించినా నలగకూడదు.
మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పాను.

ఇంజను వేశాం.
కొత్త గొట్టాలు నూనె తాగి
గాజులో మట్టం వేలెడు దిగింది.
కింది మెడ దగ్గర సన్నగా, ఆవిరిలా ఏదో.
అలవాటుకొద్దీ వేలు చాచాను,
రోగి చేతి మీద తడిని తడిమి చూసినట్టు.

అట్టముక్కతో మణికట్టు మీద ఒక్కటిచ్చింది.
అదే అట్టని అక్కడ అడ్డం పెట్టింది.
సూదిమొనంత చుక్క
ఇటు గుచ్చుకుని అటు తేలింది.

మూడేళ్ళుగా చూస్తున్నాను ఆమె ఎడమ చేతిని.
మూడే వేళ్ళు.
ఏ రంపమో అనుకున్నాను. నర్సునై ఉండీ అడగలేదు.

"చీమ కుట్టినట్టయింది, అంతే.
షిఫ్టు అయిందాకా పనిచేశాను.
తెల్లారేసరికి చెయ్యి గుమ్మడికాయ."
ఇంజను ఆపింది, మీటని నాలుగు వైపులా ఆడించింది,
పానా అందించింది.

కుడి బటన్ నొక్కితే పంజా మూసుకోవాలి.
తెరుచుకుంది.
"గొట్టాలు మారుస్తావా, బుర్ర మారుస్తావా?"
గొట్టాలే మార్చాను.

మొన్నటి గాలికి కంచె మీద పడ్డ
స్ట్రింగీబార్క్ మాను ఒకటుంది.
పంజా దాన్ని మెల్లగా కౌగిలించుకుంది.
మా భాషలో పట్టూ విడుపూ ఎప్పుడూ జంటగానే వస్తాయని
నొరీన్‌కి చెప్పాలనిపించింది,
ఇంజను హోరులో కుదరలేదు.

ఆమె కంచె పక్కన నిలబడి ఎడమ చెయ్యెత్తింది.
మూడు వేళ్ళూ ముడిచింది: పట్టు.
ముడిచే ఉంచింది.
మాను కంచె దాటింది,
బెరడు పీలికలు గాలికి ఊగుతున్నాయి,
ఇంకా తెరవలేదు.
గుబ్బ మీద నా బొటనవేలు
ఆ వేళ్ళనే చూస్తోంది.