కాటా గుమస్తా గురువారం

హార్బరు గేటు పక్కన నాది కాటా గది.
లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి
లారీని ఇనుప పలక మీదికి ఎక్కిస్తాను.
తేడా ఎంతో కాగితం మీద కొట్టి ఇస్తాను.
పంతొమ్మిదేళ్లుగా ఇదే లెక్క.

కిటికీ చువ్వకు వేలాడే జపమాల
కొన్నప్పుడు తెల్లది.
ఇప్పుడే రంగో మా జ్ఞానాపురంలో ఎవర్నడిగినా చెబుతారు.
ఉతికి ఆరేసిన చొక్కా,
మూతపెట్టిన మజ్జిగ,
గుడిలో పీఠం మీద పరిచిన గుడ్డ,
బొగ్గు ధూళి దేన్నీ వేరుగా చూడదు.

లారీకీ లారీకీ మధ్య ఒక పరలోక జపం.
సగంలో హారన్ కొడతారు.
ఎక్కడ ఆపానో గుర్తుండదు,
మళ్లీ మొదలెడతాను.
ఆమెన్ దాకా వెళ్లినవి తక్కువే.

గురువారం సాయంత్రం
రాయప్ప సైకిల్ షాపు మీది గదిలో ఐదుగురం.
ఎండుచేపలమ్మే శౌరమ్మ,
గ్యాంగ్‌మన్‌గా రిటైరైన ఇన్నయ్య,
బ్లౌజులు కుట్టే బెర్నదెత్తమ్మ,
రాయప్ప, నేను.
ఇద్దరు మానేశారు. వాళ్ల కుర్చీలు తియ్యలేదు,
వాటి మీద బెర్నదెత్తమ్మ తడిగుడ్డలు ఆరేస్తుంది.

మాలో అంగీ వేసుకున్నవాళ్లు లేరు.
ఒక మాట మాత్రం ఇచ్చుకున్నాం:
వారానికొక రాత్రి పెద్దాసుపత్రిలో
తోడు లేని మంచం పక్కన కూర్చోవాలని.

సువిశేషం చదువుతాం. ఆ తర్వాత పోట్లాడుకుంటాం.
డబ్బాలో నలభై రూపాయలు తగ్గాయని
ఇన్నయ్యా శౌరమ్మా మూడు వారాలు మాట్లాడుకోలేదు.
నాలుగో వారం, సమాధానం చెప్పుకునే వేళకి
ఆమె చెయ్యి చాచింది. చేపల వాసన.
ఆయన పట్టుకున్నాడు, ముఖం తిప్పుకునే.
టీ చల్లారిపోయింది. అయినా తాగాం.

నన్ను గురువుగా ఇస్తానని
మా అమ్మ మొక్కుకుంది.
రాస్ హిల్ మెట్లు మోకాళ్లతో ఎక్కింది.
పదో తరగతి లెక్కల్లో నేను రెండుసార్లు తప్పి
లెక్కల మీదే బతికే పనిలో పడ్డాను.
ఆమె పోయేదాకా
ఆ మోకాళ్ల వంక చూడలేకపోయాను.

మొన్న వానాకాలం.
మగవాళ్ల వార్డు, కిటికీ వైపు మంచం.
పలాస నుంచి కూలికొచ్చి, బస్తాల కింద పడి
నడుము విరిగిన ముసలాయన.
గెడ్డం గీయమన్నాడు.
ఒకరికి గీసిన చెయ్యి కాదు నాది.
నురగ పట్టించి, చెంప చర్మం లాగి పట్టుకుని
ఊపిరి బిగబట్టాను.
"ఎవులు బాబూ నువ్వు? మావోడివేటి?"
"కాదు తాతా."
"డాట్రుబాబువా?"
"లారీలు తూస్తాను."
నవ్వాడు. నవ్వకు, తెగుతుంది అన్నాను.
తెగనే తెగింది.
"పర్నేదు బాబూ, రగతముందన్నమాట ఇంకా."

తెల్లవారుజామున నాలుగింటికి పోయాడు.
స్ట్రెచర్ మీదికి ఎత్తడానికి వార్డుబాయ్‌కి ఇంకో మనిషి కావాలి.
తల వైపు నేను పట్టాను.
టైర్ల కుంగు చూసి టన్నులు చెప్పేవాణ్ణి,
ఆయన ఎంతుంటాడో అంచనా తట్టలేదు.
గీసిన చెంప
మోచేతికి నున్నగా తగిలింది.
రెండో చెంప సగమే గీశాను.

ఆరింటికి డ్యూటీ. బస్సులో కునుకు పట్టి
కాన్వెంట్ జంక్షన్ దాటిపోయి
వానలో వెనక్కి నడిచాను.
మొదటి లారీ అప్పటికే పలక మీద నిలబడి ఉంది.
ఖాళీది.
డ్రైవరు అద్దం దించాడు,
"ఏం గురూ, ఇంత లేటు?"

గురూ అన్నాడు, మాటవరసకి.
అమ్మ వినుంటే బాగుండేది.

బండి నంబరు రాసుకున్నాను.