ఆరు సెకన్లు

అటక మీంచి దించారట సినిమాని.
ఊరగాయ జాడీని దించినంత తేలిగ్గా రాశాడు
మా కుర్ర విలేకరి బద్రి.
"పంతొమ్మిదేళ్ళ తర్వాత వెలుగులోకి" అని శీర్షిక.
నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి.
ఎర్ర పెన్సిలుతో పంతొమ్మిది కొట్టేసి
పద్దెనిమిది చేశాను.
నీకెలా తెలుసు, అన్నాడు.

ఎలా తెలుసంటే,
అరవై తొమ్మిది అక్టోబరులో ఒక రాత్రి
ఇదే బల్ల మీద, ఇదే దీపం కింద
నాలుగో పేజీలోంచి మూడు లైన్లు పీకేసింది నేనే.
"తడిసిన గోధుమలు. శనివారం నుంచి.
రోజూ మూడు ఆటలు."
ఫోను వచ్చింది. ఎవరని అడగలేదు.
ఆ ఖాళీలో ఏం పెట్టాలో తోచక
రియోని నది నీటిమట్టం వేశాను.
మర్నాడు ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు.
నది మామూలుగానే ఉందన్నారు.

ఇప్పుడు కుటాయిసిలో ఎన్ని కెమెరాలో!
త్బిలిసి నుంచి టీవీ వాళ్ళు,
మాస్కో నుంచి ఒక పెద్దావిడ,
ఆవిడ టేపు రికార్డరు మోసే కుర్రాడు.
అందరికీ అటక కథే కావాలి.
రీళ్ళు ఎక్కడ దాచారు, తాళం ఎవరి దగ్గరుంది,
చెమ్మ పట్టిందా, ఎలుకలు కొరికాయా.
దర్శకుడు వాఝాని మెట్ల మీద నిలబెట్టి
మీకెలా అనిపిస్తోంది, అన్నారు.
ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.
మళ్ళీ అడిగారు.
"కాళ్ళు లాగుతున్నాయి."
"భావోద్వేగంతో గొంతు పెగల్లేదు" అని రాశాడు బద్రి.
అచ్చుతప్పు కాదు గనక
నేను దిద్దడానికి లేదు.

సినిమాలో ఏముందని ఎవరూ అడగలేదు.
ఏముంది?
స్టేషన్లో వాన. గోధుమ బస్తాలు.
టార్పాలిన్ కప్పమని సంతకం పెట్టాల్సినవాడు
పక్కూరికి పెళ్ళికెళ్ళాడు.
ఊరంతా నిలబడి చూస్తుంటే
నాలుగోనాటికి బస్తాలకి మొలకలొస్తాయి.
అంతే. నవ్వొచ్చే సినిమా.
నవ్వకూడని వాళ్ళు ముందు చూశారు,
దాని జాతకంలో దోషం అదొక్కటే.

రొట్టెల కొట్టు ఝుఝునా ఉంది చూశారూ,
మట్టి పొయ్యిలోకి నడుం దాకా వంగి
లోపలి గోడకి పిండి చరిచే మనిషి,
పద్దెనిమిదేళ్ళుగా చెప్తోంది
నేనా సినిమాలో ఉన్నానని.
క్యూలో వాళ్ళు సరేలే అని
చిల్లర లెక్క చూసుకునేవాళ్ళు.
మొగుడు కూడా నమ్మలేదు,
నమ్మకుండానే పోయాడు మొన్న శీతాకాలం.
లేని సినిమాలో ఉన్నావా, అని
పిల్లలు గోధుమ రాణి అని పేరు పెట్టారు.
నేను రోజూ రెండు రొట్టెలు కొనేవాణ్ణి.
ఉంది, ఆ సినిమా ఉంది, అని
ఒక్కసారైనా అనలేదు.
వేడివేడివి కదా,
చేతులు మార్చుకుంటూ ఇంటికి నడిచేవాణ్ణి.

నిన్న మొదటి ఆట.
ముందు వరసలన్నీ పాసులు.
ఝుఝునా టికెట్టు కొనుక్కుని
చివరి వరసలో, స్తంభం పక్కన.
నాలుగో రీల్లో వచ్చింది:
ఇరవై మూడేళ్ళ పిల్ల, తల మీద ఖాళీ గోనె,
బస్తాలోంచి మొలకొకటి లాగి,
అటూ ఇటూ చూసి, నోట్లో వేసుకుని
నవ్వింది.
ఆరు సెకన్లు. ఏడేమో.
నేను చూస్తున్నది తెరని కాదు.
స్తంభం పక్కన
పొయ్యి సెగకి కనుబొమలు మాడిన మనిషి
నోరు మెల్లగా కదిపింది,
ఏదో నములుతున్నట్టు.

రాత్రి ఫోటో వచ్చింది.
వాఝా, మంత్రిగారి చెయ్యి, పూలగుత్తులు.
వెనక, అంచుని ఆనుకుని, ఒక సగం మొహం.
కత్తిరించి రెండు కాలాలకి కుదించమన్నాడు ఎడిటరు.
"ఎడమ నుంచి" అని మొదలయ్యే వాక్యంలో
నాలుగు పేర్లున్నాయి.
ఐదోది రాశాను. ఝుఝునా కిక్వాద్జే, నటి.
పేరుంటే మొహం ఉండాలి కదా,
మూడు కాలాలూ పట్టాయి.
కింద చోటు చాల్లేదు.
నది నీటిమట్టం తీసేశాను.
ఇవాళ నీళ్ళెంతున్నాయో కావాల్సినవాళ్ళు
వంతెన దాకా నడిచి చూసుకుంటారు.